వాగు గట్టు మీద రాడార్ బండి

మా నాయనమ్మను 1988 నవంబరులో, ముసురు పట్టిన రోజున, వాగు గట్టు మీద భూస్థాపన చేశారు. నేనప్పటికి పుట్టలేదు. ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. పాత రేషన్ కార్డులో ఒక పేరు, నాన్న నోట అప్పుడప్పుడు వచ్చే నాలుగు మాటలు, గట్టు మీద ఒక మట్టిదిబ్బ. ఆమె గుర్తుగా మాకు మిగిలినవి ఇవే. ఏటా నవంబరు 2న సమాధుల పండుగకి నాన్న నన్నూ తమ్ముడినీ తీసుకెళ్లేవాడు. సిమెంటు సమాధులున్నవాళ్లు వాటికి సున్నం కొట్టి, బంతిపూలు పేర్చి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు. మాది వట్టి దిబ్బ కాబట్టి నాన్న పారతో గడ్డి చెక్కి, చుట్టూ సున్నంతో గీత గీసి, ఆ గీత లోపల కొవ్వొత్తి గుచ్చేవాడు. గాలికి అది ఆరిపోతుంటే నేను చేతులు అడ్డం పెట్టేదాన్ని.

పన్నెండేళ్ల క్రితం ఆ వాగు పూడిక తీశారు. ప్రొక్లెయినర్ తీసిన ఒండ్రంతా గట్టు మీదే పోసి చదును చేశారు. ఆ ఏడాది పండుగకి వెళ్తే అక్కడ ట్రాక్టరు తిరిగేంత వెడల్పున నున్నటి బాట ఉంది. సిమెంటు సమాధులు కూడా మూడడుగుల మట్టి కింద ఉన్నాయి. నాన్న పార పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. చివరికి ఒకచోట కొవ్వొత్తి వెలిగించాడు. మరుసటి ఏడాది ఇంకోచోట వెలిగించాడు. ఆ తర్వాత వెళ్లడం మానేశాడు.

ఇది రాయడానికి నాకున్న అర్హత దుఃఖం ఒక్కటే అయితే ఇంత పొడుగ్గా రాసేదాన్ని కాదు. నేను విజయవాడలో భూగర్భ రాడార్ నడిపే పని చేస్తాను. తెల్లవారుజామున బందరు రోడ్డు మీదో ఏలూరు రోడ్డు మీదో చిన్న చక్రాల బండిని తోసుకుంటూ, దాని మీదున్న స్క్రీన్ చూస్తూ నిదానంగా నడిచేవాళ్లను మీరు చూసే ఉంటారు. డ్రైనేజీ లైను వేయాలన్నా, కేబుల్ కోసం తవ్వాలన్నా, ముందు కింద ఏ పైపులున్నాయో చూసి రోడ్డు మీద రంగుతో గీతలు గీసేది మేమే. ఈ యంత్రాన్ని జీపీఆర్ అంటాం. 2025 ఆగస్టులో కర్ణాటకలోని ధర్మస్థల దగ్గర, పాతిపెట్టిన శవాల కోసం నేత్రావతి ఒడ్డున సిట్ పోలీసులు ఈ యంత్రాన్ని దింపినప్పటి నుంచీ మా వీధిలో వాళ్లు కూడా నన్ను ఆపి అడుగుతున్నారు, భూమిలో శవాలుంటే అందులో కనపడతాయటగా అని.

కనపడవు. ఈ ఒక్క ముక్క అందరికీ తెలియాలని నా తాపత్రయం.

బండి అడుగున యాంటెన్నా ఉంటుంది. అది మట్టిలోకి రేడియో తరంగాన్ని పంపి, తిరిగొచ్చిన దాన్ని అందుకుంటుంది. గాలిలో ఆ తరంగం నానో సెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది, మామూలు మట్టిలో సుమారు 10, తడి బంకమట్టిలో 6 దాకా. పోయి రావడానికి పట్టిన కాలంలో సగాన్ని ఆ వేగంతో గుణిస్తే లోతు తెలుస్తుంది. పైపు మీదుగా అడ్డంగా పోతే స్క్రీన్ మీద బోర్లించిన గంపలాగా ఒక వంపు వస్తుంది, ఎందుకంటే బండి దగ్గరికొచ్చేకొద్దీ దూరం తగ్గి, దాటాక మళ్లీ పెరుగుతుంది. బాపట్ల వైపు పొడి ఇసుకలో ఒకసారి పనిచేశాను. ఒక్కో పైపూ చేత్తో గీసినట్టు కనపడింది. ఆ రోజే అనుకున్నాను, ఈ బండిని మా ఊరు తీసుకెళ్లాలని.

సమాధి విషయంలో ఈ యంత్రం పట్టుకోగలిగేది తవ్వి పూడ్చిన మట్టిని. పొరలు పొరలుగా ఉన్న నేలని మనిషి తవ్వితే ఆ పొరలు తెగుతాయి. తిరిగి పూడ్చినప్పుడు అవి అదే వరసలో పడవు. పెట్టె ఉంటే కొన్నాళ్లు దాని బోలు కనపడుతుంది. మా వాళ్లలో పెట్టె కొనగలిగిన ఇళ్లు తక్కువ, చాపలోనో తెల్లగుడ్డలోనో చుట్టి దించారు. ఇక స్క్రీన్ మీద కనపడే తేడా సమాధిదే కావచ్చు, చెట్టు వేరుదీ కావచ్చు, ఎప్పుడో పూడ్చిన దిగుడుబావిదీ కావచ్చు. అందుకే ఒక్క వంపు చూసి ఎవరూ ఏమీ అనరు. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున్న ఆకారం పక్కపక్క గీతల్లో అదే లోతున వస్తుందా అని చూస్తారు. అలా రావాలంటే పావు మీటరుకో అర మీటరుకో ఒక గీత చొప్పున, సమాధి నిలువుకి అడ్డంగా బండి నడపాలి. క్రైస్తవుల సమాధులు తూర్పు పడమరలుగా ఉంటాయి గనుక ఉత్తర దక్షిణాలుగా నడవాలి. మన దేశంలో ముస్లింల సమాధులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి గనుక తూర్పు పడమరలుగా నడవాలి. అంటే అక్కడ పడుకున్నది ఎవరో తెలియకపోతే మొదటి గీత ఎటు గీయాలో కూడా ఆ యంత్రానికి తెలియదు.

మా ఊరు గుంటూరుకి దక్షిణాన, మిర్చీ పత్తీ పండే నల్లరేగడిలో ఉంది. ఈ నేల గురించి రైతు బిడ్డలకి నేను కొత్తగా చెప్పేదేముంది! వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లో చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. పైమట్టి ఆ నెర్రెల్లోకి జారి, మళ్లీ వాన పడగానే ఉబ్బి, కిందిది పైకి తోసుకొస్తుంది. తనను తాను దున్నుకునే నేల అంటారందుకే. ఆ గుణమే పత్తికి వరమైంది. సమాధికి మాత్రం శాపం. తవ్విన గోతి అంచుల్ని ఆ నేల ఏటేటా తానే చెరుపుకుంటూ పోతుంది. దానికి తోడు రేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకపదార్థం నీళ్లను పట్టుకుని విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. అలాంటి మట్టిలో రాడార్ తరంగం లోపలికి పోకుండానే నీరసించిపోతుంది.

ఇదంతా తెలిసీ వెళ్లాను. ఒక ఆదివారం, మా యజమానిని అడిగి బండి తీసుకుని, ఆటోలో వేసుకుని ఊరికి చేరాను. నాన్న గట్టు మీద ముళ్లకంపలు కొట్టి దారి చేసి ఉంచాడు. తాడు కట్టి గీతలు వేశాను. నలభై గీతలు నడిచాను. స్క్రీన్ మీద పైన ఒక అర మీటరు దాకా ఏవో చారలు, ఆ కింద అంతా బూడిదరంగు పొగ. యాంటెన్నా మార్చాను, వేగం మార్చాను, నాన్న వైపు చూడకుండా ఇంకో పది గీతలు నడిచాను. ఒండ్రు పల్చగా పడిన ఒక మూల మాత్రం రెండడుగుల లోతున గట్టిగా ఒక అడ్డగీత వచ్చింది. సిమెంటు పలక. అది ఎవరిదో ఒకరి సమాధి, నాయనమ్మది కాదు.

"ఏమన్నా పడిందామ్మా?" అని నాన్న అడిగాడు.

"ఈ మట్టిలో పడదు నాన్నా" అన్నాను. మొదటిసారి నా వృత్తి మీద నాకే కోపమొచ్చింది.

ఆ తర్వాత కొన్ని నెలలు, మిగతా లోకంలో ఈ పని ఎలా జరిగిందో వెతికి చదివాను. చదివేకొద్దీ ఒక సంగతి తేటపడింది. పెద్ద పేరొచ్చిన చోట్ల యంత్రం రెండోదిగా వచ్చింది. మొదట ఎవరో ఒక మనిషి, ఇక్కడ మనవాళ్లున్నారు అని పట్టుబట్టారు.

ఐర్లండ్‌లో ట్యూమ్ అనే ఊళ్లో 1925 నుంచి 1961 దాకా పెళ్లికాని తల్లుల కోసం ఒక ఆశ్రమం నడిచింది. అక్కడ చనిపోయిన పిల్లల్ని ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. క్యాథరిన్ కోర్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి మరణ ధ్రువపత్రాలు ఒక్కొక్కటీ తీయించుకుంటూ పోయింది. 796 మంది పిల్లల పేర్లు తేలాయి. వాళ్లకి సమాధుల్లేవు. 2014లో ఆ జాబితా బయటికొచ్చాకే లోకం కదిలింది. 2016, 2017లలో ప్రభుత్వం నియమించిన కమిషన్ పరీక్షగా తవ్వించినప్పుడు భూమిలోని గదుల్లో పసిపిల్లల ఎముకలు బయటపడ్డాయి. ఆమె చేతిలో ఏ రాడారూ లేదు, పేర్లున్నాయి.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో డోజియర్ బాలుర శిక్షణాలయం 1900లో మొదలై 2011లో మూతపడింది. అక్కడి శ్మశానంలో ఇనుప గొట్టాలతో చేసిన శిలువలు 31 ఉండేవి. ఇంకా చాలామంది ఉన్నారని పాత విద్యార్థులూ, అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న అక్కచెల్లెళ్లూ చెబుతూనే వచ్చారు. ఎరిన్ కిమ్మెర్లీ అనే మానవశాస్త్రవేత్త బృందం రాడార్‌తో వెతికి, 2013లో తవ్వితే 55 సమాధులు తేలాయి. 1940లో కనపడకుండా పోయిన జార్జ్ ఓవెన్ స్మిత్ అనే పద్నాలుగేళ్ల కుర్రాణ్ని 2014లో డీఎన్‌ఏ ద్వారా గుర్తించారు. అతని చెల్లెలు అప్పటికి డెబ్బై ఏళ్లుగా ఎదురుచూస్తోంది. ఇదే చోటు ఇంకో పాఠం కూడా చెప్పింది. 2019లో ఆ ఆవరణలో వేరే పని చేస్తుంటే రాడార్‌కి 27 అనుమానపు చోట్లు దొరికాయి. సమాధులేనేమోనని దేశమంతా వార్తలొచ్చాయి. తవ్వి చూస్తే చెట్ల వేళ్లు.

కెనడాలో కామ్లూప్స్ గురించి 2021 మేలో మీరూ విని ఉంటారు. ఆదివాసీ పిల్లల్ని బలవంతంగా తెచ్చి పెట్టిన బడి ఆవరణలో 215 అని ముందు చెప్పారు, తర్వాత రాడార్ నడిపిన శాస్త్రవేత్తే దాన్ని దాదాపు 200 అని సవరించి, ఇవి ఉండవచ్చని మాత్రమే అనగలం అంది. ఆ 'ఉండవచ్చు' అన్న మాట వార్తల్లో రాలిపోయింది. తర్వాత దాన్ని పట్టుకునే కొందరు అసలు పిల్లలే చనిపోలేదన్నట్టు మాట్లాడారు. ఆ బడుల్లో వేలమంది పిల్లలు చనిపోయినట్టు కాగితాలున్నాయి, తల్లుల సాక్ష్యాలున్నాయి. యంత్రం చెప్పిన అంకె మీద బరువంతా పెట్టడం వల్ల, అది కాస్త కదలగానే, తల్లులు చెప్పిన మాట కూడా కదిలినట్టయింది. ఇది నాకు చాలా బాధ కలిగించిన సంగతి. నా చేతిలో ఉన్న బండితో ఎవరి దుఃఖాన్నైనా ఇలా బలహీనపరచగలను అని అంతకుముందు నాకు తోచలేదు.

మళ్లీ మా వాగు దగ్గరికి వస్తాను.

రాడార్ చేతులెత్తేశాక ఒక రాత్రి గూగుల్ ఎర్త్‌లో మా గట్టు తెరిచి, పాత తేదీల చిత్రాలు ఒక్కొక్కటీ వెనక్కి జరుపుతూ పోయాను. పూడిక తీయక ముందు, ఒక డిసెంబరులో తీసిన చిత్రం దగ్గర ఆగాను. గట్టు వెంట తెల్లటి చుక్కలు, వరసగా. నవంబరు పండుగకి సున్నం కొట్టిన సమాధులు! ఆ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద దాదాపు అర మీటరు. ఆరడుగుల సమాధికి పొడవున నాలుగు చుక్కలు వస్తాయి, వెడల్పున ఒకటో రెండో. అంతే. ఆ నాలుగు చుక్కల్ని చూసి అర్ధరాత్రి నాన్నకి ఫోన్ చేశాను. అలాంటి చిత్రాలు నేల మీద నాలుగైదు మీటర్లు పక్కకి జరిగి ఉంటాయి. కాబట్టి ఇప్పటికీ మారకుండా ఉన్న తూముని గుర్తుగా పెట్టుకుని సరిచేశాను. పదకొండు సమాధుల చోట్లు దొరికాయి. అందులో ఒకటి, రాడార్‌లో నాకు అడ్డగీత కనపడిన మూలే.

నాయనమ్మది మట్టిదిబ్బ. ఆకాశం నుంచి అది కనపడదు. కానీ పదకొండు గుర్తులు దొరికితే మిగతావి ఎక్కడెక్కడో చెప్పగలిగిన మనిషి మా పేటలో ఒకాయన ఇంకా ఉన్నాడు. ఆయన గురించి చివర్లో చెబుతాను.

అసలు ఈ మరుపు ఎలా వచ్చింది? సమాధులు వాటంతట అవి మాయం కాలేదు. రెవెన్యూ రికార్డులో ఆ గట్టు ఉన్నది వాగు పోరంబోకుగా. మా తాతలకి వేరే శ్మశానం ఎవరూ చూపించలేదు, అందుకే ఎవరిదీ కాని గట్టు మీద పెట్టుకున్నారు. నూరేళ్లుగా మనుషుల్ని పూడ్చిన నేలని అడంగల్ ఎప్పుడూ శ్మశానం అనలేదు. అది వాగే. వాగు పూడిక తీసేవాళ్లు కాగితం చూసుకుని, వాగుకి చేయాల్సిన పనే చేశారు. ఆ పని అవసరం లేదని నేననను, ఆ వాగు పొంగితే మా పొలాలే మునుగుతాయి. ఒండ్రుని అవతలి గట్టున పోసి ఉంటే సరిపోయేది. అవతల పోయమని చెప్పే హక్కు మాకుందని చూపించే కాగితం ముక్క మా దగ్గర లేదు, అదీ మా లోటు.

చట్టం లేకపోలేదు. సమాధి స్థలంలో జొరబడి అపచారం చేయడం నేరమని పాత ఐపీసీ 297వ సెక్షన్ చెప్పేది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 301. అయితే ఎవరి మనసైనా నొప్పించాలన్న ఉద్దేశమో, నొచ్చుకుంటారన్న ఎరుకో ఉంటేనే అది నేరం. రికార్డులో వాగు అని ఉన్నచోట బుల్డోజరు నడిపినవాడికి ఆ ఎరుక ఉందని ఎలా రుజువు చేస్తాం? అందుకే నా వాదన ఇది: పటం గీయడమంటేనే ఎరుక కలిగించడం. ఒక్కసారి ఆ పటం పంచాయతీ చేతికీ, సర్వేయర్ చేతికీ ఇచ్చి రసీదు తీసుకుంటే, మాకు తెలియదు అనే మాట ఇక ఎవరూ అనలేరు.

2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైంది. నూరేళ్ల తర్వాత మళ్లీ కొలుస్తున్నామన్నారు. మా ఊరి మీదా డ్రోన్ ఎగిరింది, రోవర్లనే కొలత పరికరాలు పట్టుకుని హద్దులు కొలిచారు. అంత పెద్ద పని జరుగుతున్నప్పుడు ప్రతి పేటలో, ప్రతి మసీదు దగ్గర, ప్రతి జంగాల వీధిలో ఒక్క పూట కూర్చుని, మీవాళ్లని ఎక్కడ పెట్టుకున్నారు అని అడిగి ఉంటే ఎంత బాగుండేది! డ్రోన్ పైనున్నది చూస్తుంది. ఎవరిదో ఒక వేలు చూపించకపోతే దాని కంటికి మా గట్టు వట్టి గట్టే.

చచ్చినవాళ్లకేం తెలుసమ్మా, బతికున్నవాళ్లకే సెంటు స్థలం లేదు అని మా బంధువుల్లోనే ఒకాయన అన్నాడు. ఆయన మాటని తేలిగ్గా తీసేయలేను. ఇల్లు లేనివాడికి సమాధి గురించి చెప్పడం కష్టం. కానీ ఇళ్ల స్థలం లేనివాళ్లూ, సమాధి చెరిగిపోయినవాళ్లూ మా ఊళ్లో ఒకే పేటలో ఉన్నారు, ఒకే కారణం వల్ల ఉన్నారు. మాకు పట్టా లేదు. బతికుండగా లేదు, చచ్చాకా లేదు. సమాధి పటం అడగడమంటే ఈ ఊళ్లో మూడు తరాలుగా ఉన్నామని కాగితం మీద రాయించుకోవడమే.

తవ్వి చూడొచ్చుగా అని ఇంకొందరు అంటారు. వద్దు. పోలండ్‌లో ట్రెబ్లింకా మరణ శిబిరం దగ్గర, యూదుల మతాచారం సమాధుల్ని కదిలించొద్దంటుంది గనుక, 2010 నుంచి క్యారొలిన్ స్టర్డీ కోల్స్ అనే పరిశోధకురాలు మట్టి కదపకుండానే పని మొదలుపెట్టి, నాజీలు చదును చేసి చెట్లు నాటిన నేలలో గోతుల జాడ తీసింది. నేలని ముట్టకుండా చూడగలగడమే ఈ సాధనాల గొప్పతనం. తెలియక తవ్వితే ఏమవుతుందో మన ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే ఎవరికి బాగా తెలుసు? ధాతువుల మీద, అంటే అస్థికల మీద, కట్టిన అమరావతి బౌద్ధ స్తూపం మన్ను కప్పుకుని దీపాలదిన్నె అనే పేరుతో మిగిలింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కోసం రాళ్లు కావాలని దాన్ని తవ్వించాడు. ఆ కబురు విని 1797లో కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చేసరికి చాలా రాళ్లు కట్టడాల్లోకి పోయాయి.

నేను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. పోరంబోకు నేలలో పూడికో, రోడ్డో, కొత్త వెంచరో మొదలయ్యే ముందు ఆ ఊరి పెద్దల్ని నడిపించి, వాళ్లు ఆగిన ప్రతిచోటా ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు రాసుకోవాలి. పాత ఉపగ్రహ చిత్రాలు చూడాలి. ఆ తర్వాతే యంత్రం, అదీ నేలని బట్టి. బాపట్ల ఇసుకలో రాడార్ పట్టుకెళ్లండి. రేగడిలో దాని మీద ఆశ పెట్టుకోకండి, అక్కడ మట్టి విద్యుత్ నిరోధాన్ని కొలిచే పద్ధతో, కాల్చిన ఇటుకా ఇనుమూ ఉన్నచోట అయస్కాంత సర్వేయో ప్రయత్నించవచ్చు, అప్పుడూ జవాబు 'ఉండవచ్చు' అనే వస్తుంది. ఆ మాటని అలాగే, చెరపకుండా, ముందు ఆ ఇంటివాళ్లకి చెప్పాలి. టీవీకి తర్వాత.

మొన్న జనవరిలో, పైరగాలి వీస్తున్న ఒక ఉదయం, మళ్లీ వెళ్లాను. ఈసారి రాడార్ తీసుకెళ్లలేదు. ఆ పదకొండు చోట్లా వెదురు పుల్లలు పాతి, ఒక్కోదానికి తెల్లగుడ్డ కట్టాను. తర్వాత మా పేటలో యాభై ఏళ్లపాటు గోతులు తవ్విన పెద్దాయన్ని నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. చూపు సగం పోయింది. గుడ్డలు మాత్రం తెలుస్తున్నాయన్నాడు. మొదటి పుల్ల దగ్గర నిలబడి, చేతికర్రతో నేల మీద రెండుసార్లు కొట్టి, పాస్టరుగారిది అన్నాడు. అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. పద్నాలుగో అడుగు దగ్గర ఆగాడు.

"ఇది మీ నాయనమ్మ. తల పడమటికి పెట్టాం. ఆ రోజు నాలుగడుగులు తవ్వేసరికి నీళ్లూరినయ్. ఇంక దిగలేదు. మీ తాత గట్టు మీద కూచోని, నీళ్లలో పెట్టొద్దురా అని ఒకటే ఏడుపు. అందుకని కింద వరిగడ్డి పరిచి పెట్టాం."

నాన్నకి ఈ వరిగడ్డి సంగతి తెలియదు. ఆ రోజు ఆయన పదిహేనేళ్ల పిల్లాడు, ఇంటి దగ్గరే ఉంచేశారట. అక్కడే కూలబడి, మట్టి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయాడు.

నేను ఆ చోటు రాసుకుని లేచేసరికి పెద్దాయన ముందుకి కదిలాడు. "రాసుకోమ్మా" అన్నాడు. ఇది ఎడ్లబండి కింద పడి పోయిన కుర్రాడిది. ఇది కవల పిల్లలది, ఒకే గోతిలో. ఇది వేరే ఊరి నుంచి మిరపకాయల కోతకొచ్చి జ్వరంతో పోయినామెది, పేరు తెలియదు, ఎర్రచీర. పేర్లున్నచోట పేర్లు, లేనిచోట చీర రంగు రాసుకుంటూ ఆయన వెనకాల నడిచాను. ముప్పై నాలుగో చోటు దగ్గర ఆయన అలిసిపోయి కర్ర మీద ఆనుకున్నాడు.

"తూము అవతల ఇంకా ఉన్నారు" అన్నాడు. "వచ్చే ఆదివారం పెందలాడే రా."